అద్దానికి పడని గాలి

రండి, ఆ పీట ఇటు జరుపుకొని నా పక్కనే కూర్చోండి. ఫ్యాను చప్పుడులో దూరం నుంచి వింటే సగం మాట చెవిన పడదు. నేను చెప్పబోయే మనిషిని మీలో ఎవరూ చూసి ఉండరు. చూసి ఉంటే ఇంత నిమ్మళంగా కూర్చునేవారు కాదు, ఆయన పేరు వినగానే లేచి చేతులు కడుక్కోవడానికి పోయేవారు.

ఈ పొద్దున కళ్ళద్దాలు తుడుచుకుందామని నోటి దగ్గర పెట్టుకొని హా అని ఊదాను. ఆవిరి పట్టింది. ఒక్క మూలన మాత్రం పట్టలేదు, అక్కడ నా వేలిముద్ర బియ్యపు గింజంత మచ్చలా తేలింది. అంతే, చెవిలో ఆ గొంతు మోగింది: "మళ్ళ కడుగు." పని మానేసి నాలుగేళ్ళయింది. నా మోకాళ్ళు నన్ను విడిచిపెట్టాయి గానీ ఆ గొంతు విడిచిపెట్టదు. వంటింటికి పోయి, కళ్ళద్దాలు సబ్బు పెట్టి కడిగి, మళ్ళీ ఊది చూసి, అంతా ఒక్కతీరుగా పట్టాకే పెట్టుకున్నాను. మా కోడలు చూసి నవ్వింది. నవ్వదా మరి? ఆమె తోమిన స్టీలు గిన్నెల మీద కూడా ఊది చూసే అత్తను నేను.

ఆయన పేరు ఈశ్వరయ్య. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మధ్య ఒక చిన్న కంపెనీలో మా మీద సారు. జహీరాబాద్ వైపు మనిషి, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవాడు. అక్కడ గాజు పలకల మీద లోహపు పూత వేసేవాళ్ళు. నేను బీరంగూడ నుంచి షేర్ ఆటోలో పోయి ఆ పలకలు కడిగేదాన్ని. నాతో సుగుణక్క ఉండేది, గుమ్మడిదల దగ్గరి ఊరు ఆమెది. గాజు కడగడం ఏం పని, ఇంట్లో గ్లాసులు కడగమా అనుకొని చేరాను. మొదటి రోజే సారు మా ఇద్దరినీ నిలబెట్టి పాఠం చెప్పాడు. తలకు నూనె వద్దు. ముఖానికి పసుపు వద్దు. పౌడరు వద్దు. పూలు వద్దు. గాజులు, కమ్మలు తీసి డబ్బాలో పెట్టాలి. చేతికి తొడుగులు, తలకు టోపీ.

సుగుణక్క ఊరుకుంటుందా? "ఇగ పానం గూడ ఇంట్లనే పెట్టి రావాల్నా సార్?" అంది.

ఆయన ముఖంలో నవ్వు లేదు. "పానం తెచ్చుకోండ్రి. నూనె తేకుండ్రి."

ఒక్కో పలకను ఏడుసార్లు కడగాలి. సబ్బు నీళ్ళు, మామూలు నీళ్ళు, మందు నీళ్ళు, ఆపైన బ్యాటరీలో పోసే నీళ్ళలాంటి ఉత్త నీళ్ళు. ఏడు నీళ్ళూ దాటించి, ఆరబెట్టి, పెళ్ళికూతురిలా మెరుస్తున్న పలకను ఆయన చేతికిస్తే, కిటికీ దగ్గరికి తీసుకుపోయి దాని మీద ఊదేవాడు. ఆవిరి అంతటా ఒకే తీరుగా పట్టాలి. గోరంత చోట పట్టకపోయినా అక్కడ కంటికి కనిపించని మురికి ఉన్నట్టు.

"కంటికి మంచిగనే కనవడుతుంది గద సార్," అన్నాను నేను ఒకసారి.

"కంటికి కనవడేది ఎవరన్న సూస్తరు అనసూయమ్మా. కనవడనిదే మన పని. ఊది సూడకుంట మంచిగుంది అనకు. మళ్ళ కడుగు."

సరే, మచ్చ ఉన్నది కడగమన్నాడు, అర్థముంది. మచ్చ లేనిది కూడా కడగమనేవాడు! అదేంటంటే, "నేను ఊదిన గద, నా నోటి తడి అంటింది," అనేవాడు. చూడండి ఆ మనిషి తెలివి. బాగుందో లేదో తెలియాలంటే ఊదాలి, ఊదితే పాడవుతుంది, పాడైందని కడగాలి. ఇట్లా ఒక పలకతోనే పూట గడిచిపోయిన రోజులున్నాయి. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చేదంటే, ఇంటికి వచ్చి గిన్నెలన్నీ ఆయన తల అనుకొని తోమేదాన్ని.

అసలు ఆ పలకలెందుకో చాలా రోజులు మాకు తెలియదు. ఒకరోజు సుగుణక్క అడిగేసింది: "ఇంత కడిగిపిస్తున్నరు, దేనికి సార్ ఇవి? దేవుని పటాలకా?" ఆయన మమ్మల్ని పూత గదిలోకి రమ్మన్నాడు. బల్ల మీద గాజు పెట్టె ఒకటి ఉంది. దానికి ముందువైపు మేము కడిగిన పలకే, పూత పడి అద్దమైంది. నన్ను దాని ముందు నిలబడమని, తాను పెట్టె వెనక నిలబడ్డాడు. అద్దంలో నా ముఖం, నా బొట్టు, కమ్మలు తీసేస్తే ఒట్టిగా ఉన్న నా చెవులు కనిపిస్తున్నాయి. ఆయన ఏదో పైపు తిప్పాడు, బుస్సుమని పెట్టెలోకి సిలిండరులోని గాలి పోయింది. కొంచెంసేపు ఏమీ కాలేదు. తర్వాత నా చెంప పల్చబడింది. ముక్కు పోయింది. మంచు విడినట్టు నా ముఖమంతా కరిగి, దాని వెనక నుంచి ఈశ్వరయ్య సారు చిరాకు ముఖం నిదానంగా బయటికి వచ్చింది.

"ఓ దేవుడా! అనసూయ పోయి సారొచ్చిండు," అని సుగుణక్క గుండె మీద చెయ్యి వేసుకుంది.

పైపు మళ్ళీ తిప్పి మామూలు గాలి వదిలితే ఆయన పోయి నేను వచ్చాను. ఎండాకాలం కిటికీకి పెడితే అద్దంలా ఎండను తిప్పి కొడుతుందట, చలికాలం గాజులా వెలుతురును లోపలికి రానిస్తుందట. ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. పలక మీద రెండు పూతలు, రెండూ మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండవు. కింది పూత ఆ సిలిండరు గాలిని తాగితే తేటపడుతుంది, వదిలితే అద్దమవుతుంది. పై పూత దానికి గుమ్మం లాంటిది. గుమ్మం తెరిచి ఉంటేనే గాలి లోపలికి పోవాలి, బయటికి రావాలి. "ఆ గుమ్మానికి ఏదన్న అడ్డం వడ్డదా, ఇగ అది ఎప్పటికీ అద్దమే," అన్నాడు. ఆ రోజు ఇంటికి పోయి మా ఆయనకు చెబితే, "నీ మొఖం పోయి మీ సారు మొఖం వస్తదా? గదేం అద్దమే, భయమైతుంది," అన్నాడు.

వానలు మొదలయ్యాక పలకలు మొరాయించాయి. పూత వేసే డబ్బాలో నుంచి తీసినప్పుడు చక్కగా మెరిసేవి, పెట్టెకు బిగించి సిలిండరు గాలి వదిలితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. నా ముఖం నాకే కనిపిస్తూ ఉండేది. ఒకరోజు పది తీస్తే పదీ బాగుండేవి, ఇంకో రోజు పదీ చచ్చిపోయేవి. కంపెనీ సేటు వచ్చి కేకలు వేశాడు. కొనేవాళ్ళు దసరా తర్వాత చూడటానికి వస్తారట. దసరాలోపు పలకలు వరుసగా మారి చూపించకపోతే, మనుషుల చేత కడిగించడం ఆపేసి, కడిగే మిషను తెప్పిస్తానన్నాడు. అంటే నేనూ సుగుణక్కా ఇంటికి. ఆ ఫ్యాక్టరీల వాడలో నలభై దాటిన ఆడమనిషికి నీడపట్టున ఇంకో పని దొరకడం ఎంత కష్టమో ఇక్కడ ఉన్నవాళ్ళకు చెప్పక్కరలేదు.

సేటు అటు పోగానే సారు కడిగే గదిలోకి వచ్చాడు. "చేతులు సూపెట్టుండ్రి," అన్నాడు. పూత వేసే పిల్లలందరి ముందూ మా తొడుగులు విప్పించి, బడిలో పిల్లలవి చూసినట్టు మా గోళ్ళు చూశాడు. నా గోటి సందులో పసుపు చార ఉంది. ఇంట్లో పప్పుకు పోపు పెట్టిన చెయ్యి, పసుపు ఉండదా?

"ఇదేంది?"

"తొడుగు లోపల ఉన్న గోరు సార్. పలకకు తగలలేదు."

"తగలలేదని ఊది సూసినవా?"

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. సుగుణక్క మాత్రం అంది, "గోటి మీద గూడ ఊదాల్నా సార్? ఊదుండ్రి, గోరింట అన్న ఆరుతది." ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఉద్యోగం పోతే పోనీ, చేతులు మురికివని పేరు పెట్టుకొని పోవడం నా వల్ల కాదు. నేను నాలుగో తరగతితో బడి మానిన మనిషిని, నాకున్నవి ఈ రెండు చేతులే.

ఆ సాయంత్రం ఇంట్లో సద్ది డబ్బా కడుగుదామని మూత తీస్తే, అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. కోపంతో తినలేదేమో అనుకున్నాను. కాదు, కోపం మధ్యాహ్నం తర్వాత వచ్చింది. తినే వేళకు కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది. మా వైపు తెలిసిందే కదా. ముసురు పట్టిందంటే నాలాలోకి ఎవరు ఏం వదులుతారో, ఎవరి గోడ వెనక నుంచి వస్తుందో తెలియదు, ముక్కు పగిలే వాసన. ఆ రోజుల్లో అన్నం ముద్ద దిగదు. డబ్బా మూసేసి నీళ్ళు తాగి ఊరుకుంటాం. అదే డబ్బా పట్టుకొని నిలబడి, ముందు రోజులన్నీ వెనక్కి తిప్పుకుంటూ పోయాను. నాకు చదువు లేదు గానీ, ఏ రోజు ఏ కూర తీసుకుపోయానో, అది తిన్నానో తినలేదో చెప్పమంటే ఏడాది వెనక్కైనా పోగలను.

తెల్లారి సారు దగ్గరికి పోయి, చచ్చిపోయిన పలకల పుస్తకం తీయమన్నాను. ఆయన విసుక్కుంటూనే తీశాడు.

"చవితి తెల్లారి," అని చదివాడు.

"ఆ దినం చుక్కకూర పప్పు సార్. మూత తీసి మళ్ళ వెట్టిన. వాసన."

"దాని తర్వాత వచ్చిన శనివారం."

"బీరకాయ. తినలే. వాసన."

"మంగళవారం..."

"ఆ దినం సుగుణక్క చేపల పులుసు తెచ్చింది. అది గూడ తినబుద్ధి కాలే అంటే సూడుండ్రి. ఆ తెల్లారి తీసినయి మంచిగున్నయి సార్, ఆ దినం గాలి మళ్ళింది. టమాట చట్నీ, గిన్నె నాకినం."

ఆయన చదవడం ఆపి, "ఏం వాసన?" అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు. "కుళ్ళిన గుడ్డు వాసన సార్. మీకు వస్తలేదా?"

ఆయన పుస్తకం మూశాడు. "నా ముక్కు పనిచేయక పదేండ్లయితుంది," అన్నాడు. ఆ వాడలోనే ఎక్కడెక్కడో పనిచేసి వచ్చిన మనిషి. అందుకేనేమో, మేము ముక్కులు మూసుకొని తిరిగినా ఒక్కనాడూ ఏమని అడగలేదు. తర్వాత తనలో తానే "గంధకం" అన్నాడు. లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. గుడ్డు వాసన ఉన్న గాలిలో గంధకం ఉంటుందట, అది పై పూత మీద కూర్చుంటే గుమ్మం మూసుకుపోతుందట.

"అయితే మేం కడిగిన పలకకు గూడ అంటుతదా సార్?" అని భయంగా అడిగాను.

"ఒట్టి గాజుకు వాసనతోని పనిలేదు. పూత వడ్డంక డబ్బాలకెల్లి బయటికి తీస్తం సూడు, అప్పుడంటుతది. కిటికీ తెరిచే ఉంటది గద ఆడ." అంతలోనే మళ్ళీ మామూలు మనిషైపోయాడు. "కని, మాటతోని కాదమ్మా. బీరకాయ తినలేదని సేటుకు చెప్తే నవ్వుతడు. ఊది సూడాలె."

గాలి మీద ఎట్లా ఊదుతావయ్యా! నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. విసురుగా వెనక్కి తిరిగితే నా కాలి మెట్టె బల్ల కోడుకు కొట్టుకుంది. నల్లటి మెట్టె. బీరంగూడకు వచ్చిన నాటి నుంచి నా వెండి నిలవదు, ఎంత తోమినా నెల తిరిగేసరికి బొగ్గు. మా అత్తమ్మ ఏమనేదో తెలుసా? "నీ ఒంట్ల వేడే, వెండి ఓర్వలేకపోతుంది," అని. ఆ వేడి తగ్గాలని ఆమె చేత సబ్జా నీళ్ళు, మెంతి నీళ్ళు ఎన్ని చెంబులు తాగానో. ఆ మాటే సారుతో అంటే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "వెండి తే," అన్నాడు.

నా పట్టీల జత పళ్ళపొడి పెట్టి తళతళ తోమి తీసుకుపోయాను. ఒకటి పూత గదిలో కిటికీ పక్కన మేకుకు తగిలించాడు. ఇంకొకటి మూత బిగించిన స్టీలు డబ్బాలో పెట్టాడు. ముసురు పట్టింది, వాసన వచ్చింది, పోయింది. వారం తర్వాత రెండూ పక్కపక్కన పెడితే, డబ్బాలోది తెల్లగా, మేకుదేమో మసిబారి ఉంది. ఇంటికి తెచ్చి మా అత్తమ్మ ముందు పెట్టాను. "మేకుకు గూడ ఒంట్ల వేడి ఉంటదా అత్తమ్మా?" అన్నాను. ఆమె రెండిటినీ తిప్పి తిప్పి చూసి, "మేకు సంగతి నాకేమెరుక, మెంతి నీళ్ళు మంచియే," అంది.

కంపెనీలో ఆ పట్టీలను చూసిన రోజు సారు రెండిటినీ వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అద్దానికే పడతలేదు ఈ గాలి. మీరెట్ల పీలుస్తున్నరమ్మా?"

"మీరు పీలుస్తలేరా సార్?"

ఆయన ముక్కు మీద ఒకసారి వేలు పెట్టుకొని తీసేశాడు. తప్పు చేశాను, నీ చేతులను అనుమానించాను అని అంటాడేమో అని చూశాను. అనలేదు. మధ్యాహ్నం కడిగే గదిలోకి వచ్చి, తొడుగులు వేసుకొని, నా పక్కన నిలబడి ఒక పలక కడగడం మొదలుపెట్టాడు. ఏడు నీళ్ళూ తానే దాటించాడు. ఆరబెట్టి నా చేతికిచ్చాడు. సుగుణక్క నా వైపు కళ్ళెగరేసింది. నేను కిటికీ దగ్గరికి పోయి, హా అని ఊదాను. మూలన చిటికెనవేలంత మచ్చ.

"మళ్ళ కడుగుండ్రి సార్," అన్నాను.

కడిగాడు. నోరెత్తకుండా కడిగాడు. ఆయన క్షమాపణ అదే అనుకొని నేను తీసుకున్నాను.

తర్వాత సేటు వచ్చాడు. పూత గదికి కిటికీ మూసి, గాలిని బొగ్గుతో వడగట్టి లోపలికి పంపే మిషను పెట్టాలని సారు చెప్పాడు. సేటు పట్టీలు చూశాడు, సరేనన్నాడు. నేను ఆ గదిలోనే నేల తుడుస్తున్నాను. అద్దానికి మంచి గాలి వచ్చిందిలే, మన ఉద్యోగం నిలిచిందిలే అని లోపల దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. అప్పుడు సారు అన్నాడు: "రెండు గావాలె సేటూ. ఒకటి కడిగే గదికి."

"కడిగే గదికెందుకయ్యా? ఆడ పూత లేదు గద."

"కడిగిన పలకకు గూడ వాసన అంటుతది. ఆడ గాలి మంచిగ లేకుంటే పలకల జిమ్మ నాది కాదు, చచ్చిపోతే నన్నడగొద్దు."

నా చేతిలో తుడిచే బట్ట ఆగిపోయింది. ఒట్టి గాజుకు వాసనతో పనిలేదని నాతో చెప్పిన నోరే అది. గోరంత మచ్చకు పలకను వెనక్కి పంపే మనిషి, చూడకుండా ఏదీ అనకూడదని నా ప్రాణం తీసిన మనిషి, సేటు కళ్ళలోకి చూస్తూ నిలువునా అబద్ధం ఆడాడు. నేను తలెత్తాను. ఆయన నా వైపు చూడలేదు. మెడ మీద మాత్రం చెమట కనిపించింది. సేటు గొణిగాడు, సణిగాడు, చివరికి రెండో మిషను కూడా వచ్చింది.

దసరా తర్వాత వచ్చినవాళ్ళ ముందు పలకలన్నీ వరుసగా తేటపడ్డాయి. మా పని నిలిచింది. ఆ తర్వాత ముసురు పట్టిన రోజుల్లో కూడా నేనూ సుగుణక్కా కడిగే గదిలో తలుపు వేసుకొని కూర్చుని అన్నం తినేవాళ్ళం, ముద్ద దిగేది. పూత వేసే పిల్లలు, గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా డబ్బాలు పట్టుకొని అక్కడికే వచ్చేవాళ్ళు. సారు మాత్రం రాలేదు. వచ్చినా వాసన పోయిందో లేదో ఆయనకేం తెలుస్తుంది? గుమ్మంలో నిలబడి, "అన్నం మెతుకులు పలకల కాడ పడనియ్యకుండ్రి," అని కసిరి పోయేవాడు. అప్పుడు కూడా నాకు ఒళ్ళు మండేది.

ఆయన పని మానేసి జహీరాబాద్ వెళ్ళిపోతున్న రోజున, చచ్చిపోయిన పలక ఒకటి కాగితంలో చుట్టి నాకిచ్చాడు. "ఇది ఇగ మారదు. తల దువ్వుకోనీకె పనికొస్తది," అన్నాడు. ఇదే అదను అనుకొని అడిగాను.

"సార్, ఒట్టి గాజుకు వాసనతోని పనిలేదంటిరి. మరి ఆనాడు సేటుతోని..."

ఆయన నా చేతిలోని పలక తీసుకొని, వెలుతురుకు పట్టి, హా అని ఊదాడు. "ఈడ మచ్చ ఉన్నది అనసూయమ్మా," అన్నాడు. "మళ్ళ కడుగు." ఆ పలక తిరిగి నా చేతిలో పెట్టి బస్సుకు పోయాడు. అంతే. దండం పెడదామంటే ఆయన వీపు కూడా దొరకలేదు.

అదిగో, ఆ గోడకు ఉన్నది అదే. అంచుల దగ్గర మరకలు పట్టింది, అయినా ముఖం కనిపిస్తుంది. ముసురు రోజుల్లో ఇంకా ఆ వాసన వస్తుంది, నా మెట్టెలు ఇంకా నల్లబడతాయి. వాసన వచ్చిన రోజున ఏం కూర వండుకున్నానో గుర్తు పెట్టుకుంటున్నాను. ఎవరైనా ఎప్పటికైనా పుస్తకం తీసి అడుగుతారేమో, చెప్పడానికి ఒక మనిషి ఉండాలి కదా. ఎవరైనా ఒకరి చేతులను మురికివంటే, ముందు గాలి సంగతి చూశారా అని అడగకుండా ఉండలేను. పొద్దున తల దువ్వుకుంటూ ఆ అద్దం వైపు చూసినప్పుడల్లా, నా ముఖం కరిగి వెనక నుంచి ఆ చిరాకు ముఖం బయటికి వస్తుందేమో అని ఒక్క క్షణం ఆగుతాను. అది మారని పలకని నాకు తెలుసు. అయినా ఆగుతాను.

ఇంతసేపు విన్నారు, మీ కడుపు చల్లగుండాలి. మీ ఇంటి వెండి తెల్లగుండాలి, మీ పిల్లల సద్ది డబ్బాలు ఖాళీగా ఇంటికి రావాలి, మీరు కిటికీ తెరిచిన ప్రతిసారీ లోపలికి మంచి గాలే రావాలి.